మొలతాడు మర

రాజమండ్రిలో ఆ సొరంగం లాంటి మిషన్లో నేను గంటన్నర సేపు రెప్ప ఆర్పకుండా పడుకున్నాను. చెవుల పక్కన సమ్మెటలు మోగుతున్నా వేలు కూడా కదపలేదు. బయటికి రాగానే అక్కడి డాక్టరు కుర్చీలోంచి లేచి, "ఈ వయసులో ఇలాంటి గుండెకాయ నేనెక్కడా చూడలేదండి. మా కుర్రడాక్టర్లకి పాఠం చెప్పుకోడానికి మీ ఫిల్ము ఒకటి ఉంచుకోమంటారా?" అని అడిగాడు. సరే, ఉంచుకోండి అన్నాను.

రామచంద్రపురంలో మా కాఫీ హోటలు బల్ల దగ్గర ఈ కథ చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మిషన్లో పడుకున్న సమయం కాస్త పెరుగుతూ వచ్చింది. మొదటిసారి అరగంటే. ఇందులో నిజం ఒక్కటుంది. ఆ రోజు నేను రాజమండ్రి వెళ్ళాను. మిషన్ని చూశాను కూడా, తలుపుకున్న అద్దంలోంచి. అంతవరకే.

నేను నలభై ఏళ్ళు కొబ్బరికాయల వ్యాపారం చేశాను. కాయని కాయతో కొట్టి, చెవి దగ్గర ఆడించి, లోపల లేతదో ముదురో, నీళ్ళు ఇంకి కురిడీ అయిందో, కుళ్ళిందో చెప్పేవాణ్ణి. నా చెవి ఒక్కసారి కూడా తప్పలేదని ఊరంతా చెప్పుకునేవారు. అంటే, ఊరంతా అలా చెప్పుకుంటున్నారని నేను చెప్పేవాణ్ణి. తప్పేది. తప్పిన కాయని ఎవరూ చూడకముందే గోనెసంచి అడుగుకి తోసేసేవాణ్ణి. అబద్ధం చెప్పడం కంటే దాన్ని అడుగుకి తోయడంలో నాకు మంచి నేర్పు ఉండేది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పబోయేది మీకు వింతగా అనిపించకుండా.

నాలుగేళ్ళ కిందటి వేసవిలో మా బల్ల దగ్గరికి రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన లావుపాటి ఫైలు ఒకటి చంకలో పెట్టుకుని వచ్చారు. హైదరాబాదులో కూతురింటికి వెళ్ళి ఫుల్ బాడీ స్కాన్ చేయించుకున్నారట. తల నుంచి పాదం దాకా నల్లటి బొమ్మలు. కాఫీ కప్పులు పక్కకి జరిపి ఒక్కొక్కటే పరిచారు.

"ఇది నా కాలేయం."

"అట్టు మాడినట్టుందేంటండీ మేష్టారూ," అన్నాను.

"నువ్వు నవ్వు. ఇదిగో, ఈ మూత్రపిండం మీద ఆవగింజంత చుక్క కనిపిస్తోందా? ఏమీ కాదన్నారు. ఆర్నెల్లకోసారి చూసుకోమన్నారు."

ఆ రోజు నుంచి ఆయన నడక మారిపోయింది. నడుంలో కోడిగుడ్డు దాచుకున్నవాడిలా ఆచితూచి అడుగేసేవారు. సైకిలు మానేశారు. పకోడీ మానేశారు. ఆవగింజ ఎలా ఉందని నేను రోజూ పలకరించేవాణ్ణి. హాయిగా తిరిగే మనిషిని పట్టుకుని ఎందుకీ తవ్వకాలు అని బల్ల మీద గుద్ది మరీ వాదించేవాణ్ణి.

సరిగ్గా ఆ వారంలోనే కాకినాడ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. రాజమండ్రిలో కొత్తగా పెట్టిన స్కాన్ సెంటర్లో మా ఇద్దరికీ బుక్ చేస్తానంది.

"మాకేం రోగమే? నన్ను చూసి మీ అమ్మే కుళ్ళుకుంటోంది ఇంకా కుర్రాడిలా ఉన్నానని," అన్నాను.

"చేయించుకుందామండీ," అంది మా ఆవిడ.

నేను ఫోన్ దించి చూశాను. ఆవిడ పెరటి గుమ్మంలో కూర్చుని చింతచిగురు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఏంటీ, నువ్వా? సూది పేరెత్తితే పక్కవీధికి పారిపోతావు కదే. ఎక్కడ నొప్పి నీకు?"

"ఎక్కడా లేదు."

"మరి?"

"ఒళ్ళంతా తీస్తారంట కదా. ఒళ్ళంతా అంటే, ఇదిగో ఇక్కడ అని మనం చెప్పక్కర్లేదు కదా."

ఆ మాట నాకు అర్థం కావడానికి పది నెలలు పట్టింది. అప్పటికి మాత్రం పకపకా నవ్వి, మర్నాడు పొద్దున్నే దాన్ని కాఫీ హోటలుకి మోసుకెళ్ళాను. "మా ఆవిడకి రోగం ఎక్కడుందో తనకే తెలీదంట. మిషనే వెతికి పెట్టాలంట!" అన్నాను. బల్లంతా నవ్వింది. హెడ్మాస్టారొక్కరూ నవ్వలేదు. నడుం కదులుతుందని కాబోలు అనుకున్నాను.

ఇద్దరం ఒకేరోజు వెళ్దామంటే ఆవిడే ఒప్పుకోలేదు. "ముందు మీరు వెళ్ళి ఎలా ఉంటుందో చూసి రండి. మీరు చెబితే వచ్చే వారం నేను వెళ్తాను," అంది. వీధి గుమ్మం దాకా వచ్చి నాకు పనులు అప్పగించింది. లోపల ఆడపిల్లలు ఉంటారో మగవాళ్ళు ఉంటారో కనుక్కోవాలి. కట్టుకున్న బట్టలు ఉంచుతారో మార్చమంటారో కనుక్కోవాలి. చలేస్తే దుప్పటి ఇస్తారేమో అడగాలి. పరగడుపున వెళ్ళాలన్నారు గనక, అయ్యాక తినడానికి నాలుగు ఇడ్లీలు, నెయ్యి కలిపిన కారప్పొడి డబ్బాలో పెట్టి ఇచ్చింది.

కడియం దాటేదాకా బస్సులో ధైర్యంగానే ఉన్నాను. నర్సరీల్లో తడి మట్టి వాసన, గట్టు పొడవునా మొక్కలు. పక్క సీటాయనకి నేను స్కాన్ సెంటరు ప్రారంభించడానికి వెళ్తున్నానని కూడా చెప్పాను.

సెంటర్లో చల్లగా ఉంది. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి కాగితం ఒకటి ముందు పెట్టుకుని వరసగా అడిగింది. గుండెలో ఏమైనా పెట్టారా, ఎముకల్లో రాడ్లు ఉన్నాయా, పళ్ళు కట్టించుకున్నారా. చివరికి, "ఒంటి మీద లోహం ఏమైనా ఉందా తాతగారూ? ఉంగరం, గొలుసు, మొలతాడు?" అంది.

నాకు వెండి మొలతాడు ఉండేది. పెళ్ళికి మా మామగారు చేయించింది. దాని మర ఎప్పుడో బిగుసుకుపోయింది. ముప్పై ఏళ్ళుగా అది నా నడుం వదల్లేదు.

"ఉందమ్మా. తియ్యడం కుదరదు."

"లోహం ఉంటే లోపలికి పంపించం అండి."

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "మా వైపు మగాడు మొలతాడు ఎప్పుడు తెంపుతాడో తెలుసా అమ్మా? భార్య పోయినప్పుడు. మా ఆవిడ పసుపు కుంకాలతో ఉండగా నేను దీన్ని ముట్టుకోనివ్వను," అన్నాను, గొంతు కాస్త వణికించి. ఆ మాటకి హాల్లో ఉన్నవాళ్ళంతా చేతులెత్తి దండం పెట్టారని తర్వాత మా బల్ల దగ్గర చెప్పాను. నిజానికి ఒకావిడ ఫోన్లోంచి తలెత్తి చూసి మళ్ళీ దించేసుకుంది.

ఆ అమ్మాయికి ఇలాంటివి అలవాటే అనుకుంటాను. "పర్లేదండి. పక్క వీధిలోనే కంసాలి ఉన్నాడు. మర విప్పించుకుని, నల్లతాడు కట్టుకుని రండి. నూలుదైతే మాకేం ఇబ్బంది లేదు. ఆడవాళ్ళు కూడా సూత్రాలు ఇంట్లో పెట్టి, పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టుకుని వచ్చేస్తారు. అరగంట పని," అంది.

ఆ మాటలు నేను శుభ్రంగా విన్నాను. చెవి బాగా పనిచేస్తున్న రోజులు.

సరేనని లేచాను. మలుపులో ఆ గది తలుపు, దానికి గుండ్రటి అద్దం. లోపల ఎవరో పెద్దాయన్ని మిషన్లోకి నెడుతున్నారు. తల వెళ్ళిపోయింది, ఛాతీ వెళ్ళిపోయింది, రెండు పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, తెల్ల దుప్పటి కింద. వేళ్ళు ఆకాశానికి. అంతే. నా కాళ్ళు కంసాలి వీధి దాటి, గోదావరి గట్టు దాకా ఆగలేదు.

రేవు మెట్ల మీద కూర్చుని ఇడ్లీలు నాలుగూ తిన్నాను. మొలతాడు కోసం వచ్చేశానని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగో ఇడ్లీకి అది కూడా నమ్మబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళూ కాయల్ని మోగించినవాణ్ణి, నన్నెవరూ మోగించి చూడలేదు. ఏం చప్పుడు వస్తుందోనని భయం.

ఇంటికెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"ఎలా ఉందండీ?"

"ఏముంది, పల్లకీ ఎక్కినట్టుంది. డాక్టరు లేచి నిలబడ్డాడే!" అంటూ గుండెకాయ కథ మొదలుపెట్టాను.

"అది సరే. ఆడపిల్లలు ఉన్నారా?"

"ఉన్నారు."

"బట్టలు?"

"గౌను ఇస్తారు. మెడ దాకా ఉంటుంది."

ఆవిడ మొహం తేలికపడింది. "అయితే మంగళవారం కాకుండా బుధవారం వెళ్తానండీ. చెల్లిని తోడు తీసుకెళ్తాను," అంది.

అప్పుడు తట్టింది నాకు. ఈవిడ వెళ్తే కౌంటరు దగ్గర పేరు చెబుతుంది. ఆ అమ్మాయి, "మీ ఆయన కంసాలి దగ్గరికని వెళ్ళి మళ్ళీ రాలేదండీ" అంటుంది. మరదలు పక్కనే ఉంటుంది. మరదలి నోట్లో పడితే రామచంద్రపురమంతా తెలిసినట్టే. పల్లకీ, గుండెకాయ, లేచి నిలబడిన డాక్టరు, అన్నీ పోతాయి.

"వెళ్ళు. కానీ సూత్రాలు తీసెయ్యాలంట," అన్నాను.

ఆవిడ చెయ్యి మెడ మీదకి పోయింది. "పసుపు కొమ్ము కట్టుకుంటే?"

తనంతట తనే దారి వెతుక్కుంది చూడండి. నేను ఔనంటే అయిపోయేది.

"ఒప్పుకోరంట. మెడలో నూలుపోగు కూడా ఉండకూడదంట. అంతసేపూ బోసిమెడతోనే," అన్నాను.

"అమ్మో, వద్దులెండి," అని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మాయి ఫోన్ చేస్తే, "మీ నాన్నగారికి అంతా బాగుందన్నారు. నాకెందుకులేవే," అంది. రిపోర్టు ఫోన్లో పంపమని అమ్మాయి నా వెంటపడింది. నా ఫోన్ బకెట్లో పడిందని మా ఆవిడ ఫోన్లో చెప్పాను. చెప్పాక, ఎందుకైనా మంచిదని నిజంగానే బకెట్లో వేశాను.

ఆ పది నెలలూ నేను చాలా సరదాగా గడిపాను. ఆవిడ దండెం మీద చీర ఆరేసేటప్పుడు ఎడం చెయ్యి పైకెత్తడం మానేసిందని ఇప్పుడు గుర్తొస్తోంది. చీర కొస కుడిచేత్తో విసిరేది. అప్పుడు చూశానా అంటే చూశాను. దానికి అర్థం ఉంటుందనుకోలేదు.

మాఘమాసం పెళ్ళిళ్ళలో ఒకరోజు మా మరదలు వంటింట్లోంచి పిలిచింది. నేను వెళ్తే ఇటు తిరగలేదు. గట్టు తుడుస్తూ మాట్లాడింది.

"బావగారూ, అక్కకి రొమ్ములో గడ్డ ఉందండి. రవిక మార్చుకుంటుంటే చూశాను. ఏడాది కావస్తోందంట. మీతో చెప్పలేదా?"

"లేదే."

"నాతోనూ చెప్పలేదు. ఏమని చెప్పను, ఎక్కడని చెప్పను, సిగ్గేసింది అంటోంది."

ఒళ్ళంతా అంటే ఎక్కడని చెప్పక్కర్లేదు కదా. చింతచిగురు ఏరుతూ అన్న మాట. ఆవిడకి కావలసింది రోగాలన్నీ వెతికే మిషన్ కాదు. నోరు తెరిచి ఆ ఒక్క చోటు పేరు చెప్పకుండానే దాన్ని చూసిపెట్టే మిషన్. నేను ఆ మాటని కాఫీతో పాటు పదిమందికి పంచాను.

రాజమండ్రిలోనే ఒక లేడీ డాక్టరుకి చూపించాం. డాక్టరమ్మ చూసి, చేతులు కడుక్కుని వచ్చి, "దీనికి పెద్ద మిషన్లు కూడా అక్కర్లేదమ్మా. ఒక్క మాట చెప్పి ఉంటే చేత్తో చూస్తేనే తెలిసేది," అని మందలించింది. ఏడాది ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదని నేను అడిగాను. డాక్టరు బల్ల మీద కాగితాలు సర్దింది. "ముందు వస్తే ఎప్పుడూ మంచిదేనండి," అంది.

అది ఎంత దూరం పాకిందో చూడాలని స్కాన్ రాశారు. ఈసారి ఆసుపత్రిలోనే. నర్సు వచ్చి సూత్రాలు తియ్యమ్మా అంటే మా ఆవిడ రెండు చేతులతో మెడ పట్టుకుంది. నర్సు నవ్వి, సొరుగు లాగి, పసుపుతాడు, పసుపు కొమ్ము తీసింది.

"తెచ్చుకోనివాళ్ళ కోసం మేమే ఉంచుతామమ్మా. కంగారు పడకు."

"ఇది ఉండనిస్తారా?" అంది మా ఆవిడ.

"ఎందుకుండనివ్వం? లోహం ఒక్కటే వద్దంటాం."

కొమ్ము కట్టుకుని, కళ్ళకద్దుకుని, సూత్రాలు తీసి నా చేతిలో పెట్టడానికి నిమిషం కూడా పట్టలేదు. పెడుతూ నా వైపు చూసింది.

"ఇంతేనా అండీ?" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. కడియం దగ్గర అంది, "ఆ రోజు మీరు లోపలికెళ్ళలేదు కదూ?"

"ఎవరు చెప్పారే?"

"ఎవరు చెప్పాలేంటి? నూతి దగ్గర వీపు రుద్దింది నేనేగా. మర సందులో ఎప్పటి మట్టి అలాగే ఉంది. నా సూత్రాలు వద్దన్నవాళ్ళు మీ మొలతాడు వదిలేస్తారా?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే నిజం చెప్పేస్తారేమోనని. నిజం చెబితే ఇద్దరం వెళ్ళాల్సొచ్చేది. నాకూ భయమేగా. మీరు కమ్మగా అబద్ధం చెప్పారు, నేను కమ్మగా విన్నాను."

ఆ మాట నా బరువు దించడానికి అందో, నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలీదు. అప్పటికి ప్రాణం లేచొచ్చింది. వెళ్ళలేదని ఒప్పుకున్నాను. పాదాల సంగతి, ఇడ్లీల సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది కూడా. నవ్వి, చీర చెంగు సర్దుకుంటూ, "మరి నూలుపోగు కూడా ఉండకూడదని ఎవరు చెప్పారండీ మీకు?" అంది.

ఒప్పుకునే దారిలోనే ఉన్నాను. ఇంకొక్క అడుగు. ఆవిడ పెదవుల మీద నవ్వు ఇంకా ఉంది.

"అప్పట్లో అలాగే అన్నారే. ఇప్పుడు మార్చినట్టున్నారు," అన్నాను.

"ఔనేమో," అంది ఆవిడ, కిటికీలోంచి మొక్కల్ని చూస్తూ.

ఆపరేషన్ అయింది, మందులు అయ్యాయి, జుట్టు ఊడింది, మళ్ళీ మొలిచింది. ఆ ఏడు దాళ్వా వరికోతలు చూసింది. మరుసటి ఏడాదివీ చూసింది. మూడో దాళ్వా ఊడ్పులు అవుతుండగా వెళ్ళిపోయింది. ఈ మధ్యలో ఆ నూలుపోగు సంగతి చెప్పడానికి నాకు రోజుకి పదిసార్లు సందు దొరికింది. కాళ్ళు పడుతూ చెప్పొచ్చు. కాఫీ కలిపిచ్చి చెప్పొచ్చు. నేను బదులుగా హెడ్మాస్టారి ఆవగింజ కథలు చెప్పాను, నవ్వించాను.

పెద్దకర్మ రోజు కాలవ రేవులో మొలతాడు తెంపడానికి కూర్చోబెట్టారు. మర తిరగలేదు. కత్తెరకి లొంగలేదు. చివరికి కంసాలిని పిలిపించారు. ఆయన కట్టరు పెట్టి నొక్కితే టక్కున తెగింది. అరగంట పని అంది కదా ఆ అమ్మాయి. అరనిమిషం పట్టలేదు. స్కాన్ సెంటరు హాల్లో గొంతు వణికించి నేను చెప్పిన డైలాగు అలా అక్షరాలా నిజమైంది.

కిందటి నెల మా అమ్మాయి మళ్ళీ బుక్ చేసింది. స్కాన్ మంచిదా, చేయించుకోవాలా వద్దా అని నన్నడక్కండి, నాకు తెలీదు. హెడ్మాస్టారి చుక్క ఆవగింజ నుంచి కదల్లేదు, ఆయన మళ్ళీ పకోడీ తింటున్నారు, మధ్యలో పోయిన సంతోషం ఎవరిస్తారు? వద్దని చెప్పడానికి నా దగ్గర వాదన ఉంది. కానీ ఒకరు చూసి రమ్మని పంపితే చూడకుండా వచ్చినవాణ్ణి నేను. ఆ పని మిగిలిపోయింది. అందుకే వెళ్ళాను. ఆ మాట అమ్మాయికి చెప్పలేదు, మా బల్ల దగ్గరా చెప్పలేదు.

కౌంటరులో ఆ అమ్మాయే ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. కాగితం తీసి వరసగా అడుగుతూ, "ఒంటి మీద లోహం ఏమైనా ఉందా తాతగారూ? మొలతాడు?" అంది.

"ఏమీ లేదమ్మా," అన్నాను.

చూసొచ్చాను. లోపల ఇద్దరూ ఆడపిల్లలే. బట్టలు మార్చుకోడానికి గడియ ఉన్న గది వేరే ఉంది, గౌను మెడ దాకా వస్తుంది. చలిగా ఉంటుంది, అడిగితే దుప్పటి ఇస్తారు, అడక్కపోయినా కప్పారు. చప్పుడు ఉంటుంది గానీ చెవులకి ఏదో పెడతారు. చేతిలో రబ్బరు బంతి ఒకటి ఇస్తారు, భయమేస్తే నొక్కితే వచ్చేస్తారు. నేను రెండుసార్లు నొక్కాను. ఎక్కడ నొప్పని ఎవరూ అడగరు. పసుపు కొమ్ము కట్టుకుని వెళ్ళొచ్చు. ఆ రోజు కూడా వెళ్ళనిచ్చేవారు.